నాన్న ఎత్తబడిన ఆదివారం

శిబిరం, వంటశాల పక్క గది
జనవరి

అన్నయ్యకి,

నా దస్తూరీ గుర్తుపట్టావో లేదో. అమ్మ పోయినప్పుడు నువ్వు పంపిన కబురు నాకు అందింది. అందలేదని నువ్వు సరిపెట్టుకుని ఉంటే అలాగే ఉండనీ. దాని గురించి ఇప్పుడు రాయలేను.

ఇక్కడ అందరం క్షేమం. నాన్న క్షేమం. ఎండ బాగుంటే వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. ప్రభువు రాకడ ఈ ఏడాది అక్టోబరు ఆఖరి ఆదివారం అని సంఘం ప్రకటించింది. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు. ఈసారి లెక్క పెద్దలందరూ ఉపవాసం ఉండి, కలిసి కూర్చుని వేశారు. రోజూ జనం వస్తూనే ఉన్నారు. కొత్త షెడ్లు లేపుతున్నాం. మగవాళ్ళ షెడ్డులో నీకో మంచం అట్టేపెట్టమని కార్యదర్శిగారికి చెప్పాను. "మీ అన్నయ్య లిఫ్టు మెకానిక్కట కదమ్మా. ఆయనా మనుషుల్ని పైకి ఎత్తే పనిలోనే ఉన్నాడన్నమాట, మనవాడే" అని నవ్వారు. సరదా మనిషి. పూర్వం జీవిత బీమా ఏజెంటుగా చేసేవారు.

ఇంకో మాట. అమ్మకి చివర్లో మతిమరుపు లాంటిది వచ్చిందా? పొంతన లేకుండా మాట్లాడేదా? ఊరికే అడుగుతున్నాను.

నీ చెల్లి


లిఫ్టు వర్క్‌షాపు, పై అంతస్తు
ఫిబ్రవరి

పిచికా,

అమ్మ నిన్ను పిలిచిన పేరుతోనే పిలుస్తున్నాను. ఆవిడకి మతిమరుపు రాలేదు. వస్తే బాగుండేది. ఆఖరి రోజు దాకా తలుపు చప్పుడైతే చాలు, "అది వచ్చిందేమో చూడరా" అనేది. కబురు అందిందన్నావు. సరే, ఆ సంగతి తెలిసింది.

బీమా ఏజెంటుకి నా నమస్కారాలు చెప్పు. చావుని చూపించి అమ్ముకున్న మనిషి ఇప్పుడు చావే లేదని అమ్ముతున్నాడు. సరుకు మార్చాడు, బేరం అదే.

మొదటిసారి కొండెక్కినప్పుడు నువ్వు చాలా చిన్నదానివి. నీకు ఆ కథ సంఘంవాళ్ళు చెప్పి ఉంటారు. నేను చూసింది నేను చెబుతాను విను. నాన్న బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పుడు చేరాలో రాసేవాడు. ఆ గదిలో లేఖనాలు ముందేసుకుని కూడికలు, తీసివేతలు చేసి లోకానికే టైము రాశాడు. మొదట నమ్మింది డిపోలో డ్రైవర్లు, కండక్టర్లు. అమ్మ దుప్పట్లు చింపి అందరికీ తెల్ల అంగీలు కుట్టింది. తెల్లారేసరికి కొండమీద నిలబడ్డాం. సూర్యుడు రోజూలాగే వచ్చాడు. ఆఖరికి ఒక కండక్టరు అడిగాడు: "అయ్యా, ఇప్పుడు డ్యూటీకి పోవాలా, అక్కర్లేదా?" లెక్కలో ఏదో సంవత్సరం ఎగిరిపోయింది అన్నాడు నాన్న. అమ్మ పక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుని దిగిపోయింది. నువ్వు నాన్న కాలు వాటేసుకుని ఎంత లాగినా రాలేదు.

నాన్న రెండోసారి చెప్పిన రాకడ తేదీ సంగతి నీకే బాగా తెలుసు. ఆ తాపీమేస్త్రీ భార్యకి రొమ్ములో గడ్డ వస్తే, విడిచిపెట్టి పోయే ఒంటికి వైద్యం దేనికన్నారు. తేదీ దాటిపోయింది, ఆవిడా పోయింది. మేస్త్రీ పేపర్లకెక్కాడు. కేసయింది. ఆవిడే వద్దంది కాబట్టి ఎవరి తప్పూ లేదని కొట్టేశారు. మీరు ఆ రోజు స్తుతి పాటలు పాడుకున్నారట.

నేను రాను. కానీ నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు. నాన్న ఏం మర్చిపోతున్నాడు?

అన్నయ్య


శిబిరం, వంటశాల పక్క గది
మార్చి

అన్నయ్యా,

నీ ఉత్తరం చించి పారేద్దామనుకున్నాను. చించలేదు.

నువ్వు కొండ దిగిపోయావు. ఆ సాయంత్రం మళ్ళీ కొండెక్కి వచ్చినవాళ్ళు నీకు తెలీదు. ఒక నర్సు (ఇప్పుడు ముసలిదయింది), పెళ్ళాం వదిలేసిన డ్రైవరు, ఇద్దరు గుడ్డి అన్నదమ్ములు. నాన్న బండమీద తలవంచుకుని కూర్చుని ఉంటే, చేతిలో రొట్టె పెట్టి, "రేపటి నుంచి ఏం చెయ్యాలో చెప్పయ్యా" అన్నారు. ఆయన లెక్క తప్పిందని వాళ్ళకీ తెలుసు. తిరిగి వెళ్ళడానికి వాళ్ళకి ఏ ఇల్లూ లేదు. నాకు జడలు వేసింది వాళ్ళు, జ్వరమొస్తే కూర్చున్నది వాళ్ళు. నా తల నెరిసినా ఇప్పటికీ నన్ను "అమ్మాయిగారూ" అనే పిలుస్తారు. మీ ఊళ్ళో మనుషులు ఒకే లిఫ్టులో ఎక్కి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోరట కదా.

నాన్న గురించి అడిగావు. ఆయన గొంతు సన్నగిల్లిందని సభలో ఆయన సందేశం నేనే చదువుతాను. మొన్న డిసెంబరులో నేను చదువుతుంటే లేచి వచ్చి, నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. "మొదటి లెక్క తప్పు. రెండోదీ తప్పే. ఈ మూడోది నేను వెయ్యనే లేదు. ఇళ్ళకి వెళ్ళిపోండి" అన్నారు. ఒక్కరూ కదల్లేదు. ముసలి నర్సు గట్టిగా "ఆమేన్" అంది. ఆయన వినయం చూసి అందరికీ కళ్ళ నీళ్ళొచ్చాయి. "మళ్ళీ చెబుతున్నా" అంటుండగా కార్యదర్శిగారు మైకు కట్టేశారు. కావలివాడు (నాన్నని ఇక్కడ అలాగే అంటారు) మన విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడని జనానికి చెప్పారు.

అప్పటి నుంచి నాన్న వెనకగదిలో విశ్రాంతి తీసుకుంటున్నారు. జనం కిటికీ దగ్గరికొచ్చి దణ్ణం పెట్టుకుని పోతారు.

ఆయనకి మతి తప్పింది అన్నయ్యా. తప్పలేదంటే మరి ఇన్నేళ్ళు నేను చదివిందేమిటి?

చెల్లి


లిఫ్టు వర్క్‌షాపు
మే

పిచికా,

రానన్నవాణ్ణి వచ్చాను. గేటు దగ్గర నన్ను చూసి నువ్వు తల తిప్పుకోకుండా లోపలికి తీసుకెళ్ళావు. అందుకు సంతోషం. నువ్వు టీ తేవడానికి వెళ్ళినప్పుడు మేమేం మాట్లాడుకున్నామో నీకు తెలియాలి. మార్చకుండా రాస్తున్నాను.

నన్ను చూడగానే, "బరువెక్కావురా" అన్నాడు. నా చేతుల మీద గ్రీజు మచ్చలు చూసి, ఏ కంపెనీ, షిఫ్టులెన్ని, తాడు తెగితే బ్రేకు దానంతటదే పడుతుందా అని అడిగాడు. పడుతుందన్నాను. "మంచి ఏర్పాటు" అన్నాడు. అమ్మ ఎలా పోయిందో అడిగాడు. చెప్పాను. చాలాసేపు దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాడు.

"నాన్నా, తప్పని నీకెప్పుడు తెలిసింది?"

"మేస్త్రీ భార్య పోయినప్పుడు."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"చెప్పడానికే నిలబడ్డాన్రా. ఎదురుగా అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. ఇంకో తేదీ వస్తుంది, ఓపిక పట్టండి అని నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత అదే నాకు ఉద్యోగమైపోయింది. ఇప్పుడు బస్సు ఆపేసి దిగండర్రా అంటున్నా. ఒక్కడూ దిగడే!"

"నాతో వస్తావా?"

"ఇవాళే తీసుకుపో. నీ చెల్లెలికి మాత్రం ఇప్పుడే చెప్పకు. అది అడ్డం పడుతుంది."

ఇది మతి తప్పిన మనిషి మాటలా? నేను చూసిన ముసలాళ్ళలో ఇంత తెలివిగా మాట్లాడినవాడు లేడు. ఆయన్ని లేపి చెప్పులు తొడుగుతుంటే నువ్వు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డావు. కేకెయ్యలేదు. "కార్యదర్శిగారూ" అని మెల్లగా పిలిచావు, అంతే. ఆయన వెంట వచ్చిన నలుగురు కుర్రాళ్ళు నన్ను ఎంత మర్యాదగా గేటు దాటించారో! అందులో ఒకడు నా సంచి కూడా మోశాడు.

ఆయన చెప్పులు ఒక కాలికే తొడిగాను. తర్వాత నువ్వు దాన్ని విప్పావా, రెండోది కూడా తొడిగావా?

అన్నయ్య


శిబిరం
జూన్

అన్నయ్యా,

విప్పాను. పాదాలు చల్లగా ఉంటే మేజోళ్ళు తొడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

నీ మాటే నిజమనుకుందాం. నాన్న మతి సరిగ్గానే ఉంది, ఆయన తప్పు ఒప్పుకుంటున్నారు. అయితే ఆ ముక్క ఎవరికి చెప్పమంటావు? రాత్రిళ్ళు నేను పడుకునే ఆడవాళ్ళ షెడ్డులో నా పక్క మంచం మీద ఒక టీచరు ఉంటుంది. ఇద్దరు పిల్లల్నీ ఒకే ప్రమాదంలో పోగొట్టుకుంది. అక్టోబరులో వాళ్ళని చూస్తానని వాళ్ళ కొలతలకి స్వెట్టర్లు అల్లుతోంది. రా, వచ్చి నువ్వే చెప్పు ఆమెకి. నువ్వు చెప్పగలిగితే నేను నాన్నని నీతో పంపేస్తాను.

ఒక్క పని చెయ్యి. అక్టోబరు దాటనీ. తేదీ పోతే జనం వాళ్ళంతట వాళ్ళే చెదిరిపోతారు. అప్పుడు నేనే ఆయన్ని చెయ్యిపట్టుకుని నీ దగ్గరికి తెస్తాను. నా మాట నమ్ము. ఈలోగా పోలీసులూ పేపర్లూ అంటూ రచ్చ చెయ్యకు.

నాన్న బాగానే ఉన్నారు. కొంచెం దగ్గు.

చెల్లి


వర్క్‌షాపు
ఆగస్టు

చెల్లీ,

పోలీసుస్టేషనుకి వెళ్ళాను. వాళ్ళు మీ శిబిరానికి వచ్చి వెళ్ళారట. తన ఇష్టప్రకారమే ఉంటున్నానని నాన్న సంతకం పెట్టిన కాగితం నాకు చూపించారు. "మేజరు మనిషి, ఆయన ఇష్టం. మేమేం చేస్తాం?" అని చేతులు దులుపుకున్నారు. అసలు నాన్నతో ఎవరైనా మాట్లాడారా అని అడిగాను. "నిద్రపోతున్నాడు పాపం, వాళ్ళ అమ్మాయే అన్నీ దగ్గరుండి చూసుకుంటోంది. బంగారం లాంటి మనిషి. దగ్గుకి తేనె కూడా నాకిస్తోంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నీకు కితాబు ఇచ్చి పంపాడు.

నిద్రపోతున్న మనిషి సంతకం ఎలా పెట్టాడు? నాకు జవాబక్కర్లేదు. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టింది నేనే. అచ్చు దించేశాననుకున్నాను. నాకంటే నువ్వు బాగా పెట్టావు.

దగ్గు ఎన్నాళ్ళ నుంచి? గుండెల్లో నొప్పి ఉందా? రాత్రిళ్ళు ఆయాసం ఉందా? ఈ మూడింటికీ నిజం చెప్పు. డాక్టరుని నేను తీసుకొస్తాను. నేను గేటు బయటే ఉంటాను, లోపల అడుగు పెట్టను. ఆయన్ని నాతో పంపమని అడగను. డాక్టరుని ఒక్కణ్ణీ లోపలికి రానివ్వు. తేదీ మీద ఒక్క మాట అనను. ఆ టీచరుతో ఏమీ చెప్పను. ఇంతకంటే దిగజారి అడగడం నాకు చేతకాదు.

అన్నయ్య


శిబిరం
సెప్టెంబరు

అన్నయ్యా,

నాన్న పోయారు. మంగళవారం పొద్దున.

నీ ఉత్తరం వచ్చేసరికే ఒళ్ళు కాలిపోతోంది. కార్యదర్శిగారిని అడిగాను. "డాక్టరు వస్తే బయటికి మాట పోతుందమ్మా. కావలివాడే మందు మింగాడంటే, మందులు మానేసినవాళ్ళకి మనం ఏం జవాబు చెబుతాం?" అన్నారు. నేను గేటు దాకా నడిచాను. గేటు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అంటే నన్ను ఎవరూ ఆపలేదు. ఇది నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే రాస్తున్నాను. తాళంచెవి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. రోడ్డు మీద బస్సు ఒకటి ఆగింది, వెళ్ళిపోయింది. వెనక్కి వచ్చేశాను.

చివర్లో గొప్ప మాటలేవీ చెప్పలేదు. కిటికీ వెయ్యమన్నారు, చలేస్తోందన్నారు. వేసి వచ్చేసరికి అయిపోయింది.

మధ్యాహ్నం అందరూ హాల్లో ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. మైకులు పెద్దగా పెట్టించారు. నీళ్ళ ట్యాంకు వెనక కొత్త షెడ్డుకి తవ్విన పునాదుల పక్కన పెద్దలు ముగ్గురు, నేను. శవపెట్టె లేదు. నా దుప్పటే కప్పాను. సోమవారం అక్కడ నేలకి సిమెంటు పోస్తారు.

ఆయన ఎత్తబడ్డారని చెబుతారట. మనందరికంటే ముందు, ఒంటితో సహా. కళ్ళారా చూసిన సాక్షి కావాలి. వచ్చే ఆదివారం నన్ను చెప్పమన్నారు. ఇంకా ఒప్పుకోలేదు.

నువ్వు రావద్దు.

చెల్లి


వర్క్‌షాపు
అక్టోబరు

నువ్వు రావద్దన్నా వచ్చాను. టోపీ కిందికి లాక్కుని మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో కూర్చున్నాను.

బాగా చెప్పావు. ఆయన కుర్చీలోంచి లేచారన్నావు. గదంతా పొద్దుటెండలా వెలుగు నిండిందన్నావు. దగ్గు ఆగిపోయిందన్నావు. ఆ దగ్గు మాట చెప్పేటప్పుడు మాత్రం నువ్వు తల దించుకున్నావు. అది అబద్ధం కాదు కదా, దగ్గు ఆగిపోయింది నిజమే. చెప్పులు నేలమీదే ఉండిపోయాయని చూపించావు. జనం చెప్పుల మీద పడి ఏడ్చారు. నీ పక్కన ఆ టీచరు స్వెట్టర్లు గుండెలకి అదుముకుని నవ్వుతోంది.

ఇక ఉండబట్టలేక లేచాను. "మా నాన్న చచ్చిపోయాడు! మందు లేక చచ్చిపోయాడు! ట్యాంకు వెనక పూడ్చారు, పదండి, చూపిస్తాను!" అని అరిచాను. నువ్వు నన్ను చూశావు. అంత జనంలో నేరుగా చూశావు. అప్పుడు నువ్వు అవునని తలాడిస్తే చాలు. బీమా ఏజెంటు మైకు అందుకుని, "సొంత కొడుకే కాదంటాడని కావలివాడు మనకి ముందే చెప్పలేదా?" అన్నాడు. చెప్పారయ్యా, చెప్పారు అని హాలంతా హోరెత్తింది. ముసలి నర్సు నా దగ్గరికొచ్చి, నా చెంప నిమిరి, "తండ్రి మీద బెంగ నాయనా, తగ్గిపోతుంది" అంది. ఎవరైనా నాలుగు తన్నినా ఇంత బాధపడేవాణ్ణి కాను.

ఇన్‌స్పెక్టరుకి మళ్ళీ రాసిచ్చాను. సిమెంటు పగలగొట్టాలంటే ఇంట్లోవాళ్ళు చూసినట్టు చెప్పాలట. నేను చూడలేదు, నువ్వు చూశావు. నీ ఉత్తరం చూపించాను. "దీని మీద సంతకం చెల్లి అని ఉంది, ఏ చెల్లి?" అన్నాడు. అతను ఆఖరి ఆదివారం అయ్యాక నీ దగ్గరికి వస్తాడు. ఒక్కటే ప్రశ్న అడుగుతాడు.

నాన్నని నాకు ఇప్పించు. అమ్మ పక్కన చోటుంది. ఇంక నిన్ను నేనేమీ అడగను.


శిబిరం, వెనకగది
నవంబరు

అన్నయ్యా,

ఆఖరి ఆదివారం కొండెక్కాం. ఎండ వచ్చింది. అందరూ తల తిప్పి చూశారు. కార్యదర్శిగారి వైపు కాదు, నా వైపు. ఆయన జేబులో ఏదో కాగితం కోసం వెతుక్కుంటున్నారు. టీచరు నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు నేనే అన్నాను: "ఆయన ముందు వెళ్ళింది మనకి గడువు అడగడానికే. అడిగారు. దొరికింది." ఎవరూ నేర్పలేదు, నా అంతట నాకే వచ్చింది. జనం ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుని ఏడ్చారు. ఒక్కరూ చెదిరిపోలేదు. ఆ వారం నుంచి కొత్తవాళ్ళు ఇంకా ఎక్కువ వస్తున్నారు. ఇప్పుడు నన్ను అమ్మాయిగారూ అనడం లేదు. కావలి అమ్మ అంటున్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మర్యాదస్థుడు, చెప్పులు విప్పి హాల్లోకి వచ్చాడు. చుట్టూ అందరూ ఉన్నారు. ఒంటరిగా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు. తెలుసని నీకు రాయలేను. "అమ్మా, మీ నాన్నగారు ఎక్కడున్నారు?" అన్నాడు. నేను చెయ్యి ఎత్తి పైకి చూపించాను.

అతను కాసేపు నా వేలు చూశాడు, కప్పు చూశాడు. నిట్టూర్చి, మనిషి తప్పిపోయినట్టు రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "మీ అన్నగారు స్టేషను మెట్ల మీద కూర్చుని ఏడ్చాడమ్మా" అన్నాడు. నేను వినపడనట్టే ఉన్నాను. నువ్వు దిగిపోగలిగావు. నాకు దిగడం ఎలాగో ఎప్పుడూ తెలీలేదు. ఇందులో నీ తప్పేమీ లేదు.

కొత్త షెడ్డు పూర్తయింది. పిల్లలున్న కుటుంబాలకి ఇచ్చారు. పొద్దున్నే వాళ్ళు అక్కడ గెంతుతుంటే నేను ఆ వైపు వెళ్ళను.

నాన్న ఉన్న వెనకగదిలోకి నన్ను మారమన్నారు. కావలి అమ్మ అందరి మధ్యా పడుకుంటే బాగుండదట. సరేనన్నాను. ఇక మీదట ఇక్కడికి వచ్చే ఉత్తరాలు విప్పి చూసి గానీ ఇవ్వరు. కాబట్టి నువ్వు రాయకు. ఇది రొట్టెలు తెచ్చే ఆవిడ చేతికి కిటికీలోంచి ఇస్తున్నాను.

నిన్న సాయంత్రం కార్యదర్శిగారు వచ్చి, ఆదివారం ఏం చెప్పాలో కాగితం ఇచ్చి వెళ్ళారు. వెళ్తూ బయటి నుంచి గడియ పెట్టిన చప్పుడయింది. పొరపాటున పెట్టారేమో. నేను తలుపు కొట్టలేదు.

చెల్లి